చెల్లెలి పేరు మీద

క్లినిక్ ఫోన్ లైన్లు సోమవారం ఎనిమిదింటికి తెరుస్తారు. ఎనిమిదీ ఒక నిమిషానికల్లా గేనర్ వరసలో పందొమ్మిదోది. వంటింట్లో నిలబడే ఉంది. కూర్చుంటే కింద కుర్చీ ఉందో లేదో ఒంటికి తెలియడం లేదు. శుక్రవారం నుంచీ ఇదే వరస. తొడల లోపలి వైపు, కూర్చునే చోటు అంతా మొద్దుబారిపోయింది. నిన్న సాయంత్రం నుంచి మూత్రం కూడా బిగుసుకుపోయింది. ఆ మాట తోడబుట్టిన దానితో చెప్పడానికే సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

పదకొండేళ్లుగా ఆమెకు ఒళ్లునొప్పుల జబ్బుంది. ఫైబ్రోమయాల్జియా అని డాక్టర్లే పేరు పెట్టారు. ఇంగ్లండులోని హల్ రేవు పక్కన చేపలు కోసే ఫ్యాక్టరీలో, మంచుగడ్డల మధ్య చేతులు పెట్టి ఇరవయ్యేళ్లు నిలబడి పనిచేసింది. నొప్పులతో ఆమె కాపరమే చేస్తోంది. వాటి రాకపోకలన్నీ తెలుసు. ఇది ఆ నొప్పి కాదు. అసలు నొప్పే కాదు, ఏమీ తెలియకపోవడం. ఈ తేడా మాత్రం చదువుకున్నవాళ్ల తలకెక్కడం లేదు. శనివారం పెద్దాసుపత్రిలో తొమ్మిది గంటలు పడిగాపులు కాస్తే, కుర్ర డాక్టరు కంప్యూటర్లో పాత జబ్బు పేరు చూసి, "మీ ఫైబ్రోనేనమ్మా, అప్పుడప్పుడూ ముదురుతుంది" అని మాత్రలిచ్చి పంపేశాడు.

ఇప్పుడు ఫోనెత్తిన రిసెప్షన్ అమ్మాయిదీ అదే పాట.

"మీ జబ్బు సంగతి ఇక్కడ రాసే ఉందండీ. ఫిజియోథెరపీ లిస్టులో పెడతాను. పదకొండు వారాలు పడుతుంది."

"పదకొండు వారాలా! తల్లీ, నాకు మూత్రం రావట్లేదు."

"మందుల వల్ల అయ్యుంటుందండీ. నీళ్లు ఎక్కువ తాగండి."

బయటికి రానిదానికి లోపలికి పొయ్యమంటోంది మహాతల్లి! ఫోన్ పెట్టేసి గేనర్ వెక్కివెక్కి ఏడ్చింది.

బడి వంటశాలలో పనికి వెళ్తూ తొంగిచూసిన చెల్లెలు లొరెయిన్ అంతా విన్నది. పుట్టి బుద్ధెరిగాక జ్వరమన్నది ఎరగని మనిషి. క్లినిక్‌లో ఆమె పేరు మీద రాయడానికి ఒక్క రోగమూ లేదు. కోటు విప్పకుండానే తన ఫోను తీసింది.

"ఏం చేస్తున్నావే?"

"నువ్వు నోరుమూసుకుని కూర్చో అక్కా. నువ్వు చెప్పిందే చెప్తా, అక్షరం పొల్లుపోకుండా."

వరసలో అరగంట ఆగింది. తన పేరు చెప్పింది, తన పుట్టినరోజు చెప్పింది. కూర్చునే చోట స్పర్శ లేదంది, మూత్రం రావట్లేదంది. అదే అమ్మాయి గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "లైన్లోనే ఉండండి మేడమ్!" నాలుగు నిమిషాల్లో డాక్టర్ హాల్డెన్ స్వయంగా మాట్లాడాడు.

"వెంటనే రండి. వెన్నులో నరాలు నొక్కుకుపోతే ఇలా అవుతుంది. చూసి ఇవాళే స్కానింగుకి పంపాలి. ఆలస్యమైతే కాళ్లు పడిపోవచ్చు."

కాళ్లు పడిపోవచ్చు. మూడు రోజులుగా గేనర్‌తో ఆ మాట ఎవరూ అనలేదు. చెల్లెలికి నాలుగు నిమిషాల్లో చెప్పారు. గేనర్‌కు భయం కన్నా ముందు కోపం వచ్చింది.

డాక్టరు గదిలో రోగి కుర్చీలో గేనర్ కూర్చుంది, పక్కన లొరెయిన్ నిలబడింది.

"లొరెయిన్ గారూ, ఎప్పటి నుంచి..."

"లొరెయిన్ ఆవిడండీ. జబ్బు నాది. నా పేరు గేనర్."

ఆయన కంప్యూటర్లో ఆ పేరు కొట్టి తెర వైపు చూశాడు. ముఖంలో ఉన్న కంగారంతా దిగిపోయింది.

"ఓ, మీకు ఫైబ్రో ఉంది కదండీ."

"ఉంది. అదున్నవాళ్లకి ఇంకో రోగం రాకూడదని చట్టమేమైనా ఉందా డాక్టరు గారూ?"

"ఇంకొకరి పేరు మీద రావడం తప్పు. మీ చెల్లెల్ని మా క్లినిక్ రోగుల జాబితాలోంచి తీసేయాల్సి వస్తుంది."

"తీసేయండి," అంది లొరెయిన్. "నేనెప్పుడొచ్చి చచ్చాను గనక!"

"ఆవేశపడకండి. మీరిద్దరూ బయట కూర్చోండి. తీరిక దొరికితే పిలుస్తాను." ఆయన లేచి వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆ ఊళ్లో డాక్టరు తలుపు తీసి పట్టుకుంటే లేచి, థాంక్యూ చెప్పి, మీ సమయం పాడుచేశానని క్షమాపణ కూడా చెప్పి వెళ్లడం మర్యాద. గేనర్ జన్మంతా అలాగే వెళ్లింది. శనివారమూ అలాగే వెళ్లింది.

"నేను లేవను," అంది. "ఇందాక ఫోన్లో మా చెల్లెలికేం చేస్తానన్నారో అది నాకు చేయండి. ముట్టుకుని చూడండి. చూడనంటారా, ఈవిడకి ఏమీ లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టండి. అది పట్టుకుని వెళ్లిపోతా."

నడవాలో వరసగా కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. డాక్టరు చెయ్యి జేబులోని పెన్ను దాకా వెళ్లింది. బయటికి మాత్రం తీయలేదు.