వంత లేని ఆల్బమ్

నేను ఒక పాటల ఆల్బమ్‌ని. ఎనిమిది పాటలు, ముప్పై ఎనిమిది నిమిషాలు. జానపదమంటే జానపదులు ఒప్పుకోరు, జాజ్ అంటే జాజ్ వాళ్లు నవ్వుతారు, నా కంప్యూటర్ దరువులు వింటే పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు. ఒళ్లంతా పాటే అయినా సొంతంగా ఒక్క మాట చెప్పే వీలు లేదు నాకు. అదీ నా బతుకు.

నన్ను పాడింది స్వరూప. సిద్దిపేట దగ్గర పల్లె. నాట్లేసే ఆడవాళ్ల వరసల్లో తనే పాటలు కట్టి పాడుతుంది. హైదరాబాదులో స్టూడియో నడిపే ఫణీంద్రకు ఆ గొంతు నచ్చింది. శాక్సఫోన్ వాయించే ఆయన్ను పిలిపించాడు, కీబోర్డు ముందు తనే కూర్చున్నాడు. దరువు గడియారంలా నడవాలని అతను, ఊపిరి ఎటు పోతే పాట అటు పోతుందని ఆమె, మూడు నెలలు కుస్తీ పట్టారు. చివరికి ఇద్దరూ చెరో మెట్టు దిగాక నేను పుట్టాను.

ఆఖరి పాటకు వంత పాడడానికి స్వరూప వాళ్లమ్మ నర్సవ్వ వచ్చింది. పొలంలో ముందు పాడే మనిషి ఊపిరి తీసుకోవాలి కదా, అందుకని ఆ మనిషి చరణం పూర్తికాకముందే వంతవాళ్లు అందుకుంటారు. నర్సవ్వ నలభై ఏళ్లుగా చేసినట్టే ఇక్కడా చేసింది. ఫణీంద్రకు అది తప్పులా వినిపించింది.

"అమ్మ తొందరపడి ముందే వచ్చేస్తున్నారు. ఆ గొంతు తీసేసి శాక్సఫోన్ పెడదామా?" అన్నాడు, నర్సవ్వ ఊరెళ్లిపోయాక.

అది తప్పు కాదని స్వరూపకు తెలుసు. కానీ అంత చదువుకున్న సంగీతం ముందు తలొగ్గి, "మీ ఇష్టం సార్" అంది. చెప్పవే తల్లీ, చెప్పు అని నేను కొట్టుకున్నాను. ఎవరికి వినపడుతుంది?

నేను బయటికొచ్చాను. ఆ శాక్సఫోన్‌ను మనుషులు తెగ మెచ్చుకున్నారు. ఆ వానాకాలమే నర్సవ్వ గొంతులో రాచపుండని తేలింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, మాట పోయింది.

స్వరూప స్టూడియోకు పరుగెత్తింది. "సార్, ఆనాడు మా అమ్మ పాడింది ఏడనన్న ఉంటదా?"

ఆల్బమ్ రాగానే వాడని రికార్డింగులన్నీ చెరిపేయడం అక్కడి అలవాటు. ఫణీంద్ర రెండు రోజులు వెతికాడు పాపం. తర్వాత ఆమె ముఖం చూడలేకపోయాడు.

నర్సవ్వ అప్పటికింకా నన్ను వినలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం ఫోను చూపించి, పెట్టమని తనే సైగ చేసింది. స్వరూప ఆఖరి పాట పెట్టింది. పెదవులు కదిలిస్తూ విన్న నర్సవ్వ, వంత చోటు రాగానే ఆగిపోయింది. కట్టున్న గొంతు మీద చెయ్యి పెట్టుకుని, ఏదీ అన్నట్టు కళ్లెగరేసింది.

"ఉన్నదే అమ్మా. బాజాల సప్పుడుల కలిసిపోయింది, సక్కగ ఇను" అంది స్వరూప.

నర్సవ్వ ఫోను చెవికి అదుముకుంది. నాలో లేనిదాన్ని ఎక్కడి నుంచి తెచ్చివ్వను? అయినా మళ్లీ మొదలుపెట్టారు నన్ను. మళ్లీ, ఇంకోసారి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఐదోసారి పాట ఆగాక నర్సవ్వ కూతురి ముఖంలోకి కాసేపు చూసింది. ఫోను పక్కన పెట్టి, వినపడిందన్నట్టు తలూపి, ఆ పిల్ల వీపు నిమిరింది.