టిక్కుకీ ధాంకీ మధ్య

కుట్టుమిషన్ల మెకానిక్కును వీధి వీధంతా నూనెబుడ్డి అనే పిలిచేది. ఆయన అసలు పేరు కట్టుకున్న భార్యకైనా గుర్తుందో లేదో అని వేళాకోళం చేసేవాళ్లు. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన పొడుగు ముక్కున్న నూనెడబ్బా పెట్టుకునేవాడు మరి. తలుపు కిర్రుమంటే ఒక చుక్క, కత్తెర బిగుసుకుంటే ఒక చుక్క. పక్కింటి గేటు మూలిగినా సరే, పిలవకపోయినా వెళ్లి ఒక చుక్క వేసి వచ్చేవాడు. నూనె పడితే బాగుపడనిది ఈ భూమ్మీద లేదని ఆయన గట్టి నమ్మకం. అలాంటి మహానుభావుడి ఇంట్లో ఒక తుపాకీ ఉంటే, దాన్ని దాని మానాన వదిలేస్తాడా?

ఆ తుపాకీ ఆయనది కాదు, భార్యది. ఆవిడకు వాళ్ల నాన్న ఇచ్చాడు. పాతకాలపు రకం. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలికలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో కిందికి దిగగొట్టాలి. వెనకవైపు బుల్లి మొన మీద రాగి టోపీ తొడగాలి. మీట నొక్కితే సుత్తి వచ్చి టోపీని కొడుతుంది, ఆ నిప్పు మొనలోని సన్నటి రంధ్రంలోంచి లోపలికి దూకుతుంది, మందు అంటుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోవాలి. ఆవిడ కోట్లు కుట్టే టైలరు. సెలవు రోజున ఊరి చివర పాడుబడిన క్వారీకి వెళ్లి, తనలాంటి పాత తుపాకీల పిచ్చివాళ్లతో కలిసి కాగితం మీద నల్లచుక్కను కొట్టి వచ్చేది. కాగితానికి తప్ప ఇంకే ప్రాణికీ ఆవిడ వల్ల హాని జరిగింది లేదు.

కొన్ని వారాలుగా గుళ్లు కాగితానికి కూడా తగలడం లేదు. ఆవిడ ఇంట్లో ఆ మాటెత్తలేదు. ఒకరోజు మెకానిక్కు పై వీధిలో మిషను బాగుచేయడానికి వెళ్తే, అక్కడి టైలరమ్మ బల్ల మీద పెళ్లికొడుకు కోటు గుడ్డ కనిపించింది. అది తన ఇంటికి వచ్చిన పని.

"ఏమే, ఆ కోటు ఆవిడకెందుకిచ్చావు?" ఇంట్లో అడుగు పెడుతూనే అడిగాడు.

ఆవిడ కుడుతున్న చేతిపని పక్కన పెట్టింది. "నా చెయ్యి పోతోందండీ" అంది.

"పోవడమేంటి? శుభమా అని కూర్చుని ఆ మాటలేంటి?"

"తుపాకీ మీట నొక్కుతాను. నొక్కిన కాసేపటికి పేలుతున్నట్టుంటుంది. అంటే నేను నొక్కేశాననుకున్నప్పుడు నా చెయ్యి ఇంకా నొక్కలేదన్నమాట. బుర్ర చెప్పింది వేలికి ఆలస్యంగా చేరుతోంది. మా నాన్నకీ ఇలాగే మొదలైంది. గ్లాసు పట్టుకోమని చేతికి చెప్పి, అది పట్టుకునేదాకా దాని వంకే చూస్తూ కూర్చునేవాడు. మీరూ చూశారుగా!"

చూశాడు. మామగారికి చివరి రోజుల్లో అన్నం ముద్ద నోటిదాకా అందించింది ఆయనే.

"డాక్టరు దగ్గరకు వెళ్తాను లెండి" అంది ఆవిడే మళ్లీ. "ఈ ఆదివారం ఒక్కసారి వెళ్లి, తుపాకీని గురి నేర్పే మాస్టారికి ఇచ్చేసి వస్తాను. ఆ తర్వాత షాపు సంగతి చూద్దాం. వణికే చేత్తో పెళ్లి బట్టల మీద కత్తెర పెట్టి ఎవరి ఉసురు పోసుకోను?"

ఆదివారం పొద్దున్నే, ఆవిడ స్నానానికి వెళ్లగానే, మెకానిక్కు తుపాకీని గోడ మీంచి దించాడు. ఆవిడకు చెప్పలేదుగానీ ఈ మధ్య ఆయన వారం వారం చేస్తున్న పనే అది. ఒకనాడు సుత్తి పక్కన కాస్త తుప్పు కనిపించిన దగ్గర్నుంచీ మొదలుపెట్టాడు. ఎక్కడ కీలుంటే అక్కడ ఒక చుక్క, ఎక్కడ కన్నముంటే అక్కడ ఇంకో చుక్క. ఆ రోజు బాధకొద్దీ నూనె ఇంకాస్త ధారాళంగా పడింది. పాపం, భార్య కోసం ఇంకేం చేయాలో తోచలేదు ఆయనకు.

స్కూటరు మీద వెళ్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఆయన భుజం మీదే ఉంది. ఆ చెయ్యి వణుకుతున్నట్టే అనిపించింది.

క్వారీలో మాస్టారు ఎదురొచ్చాడు. క్లబ్బులో అందరికీ గురి నేర్పేది ఆయనే. జన్మంతా తుపాకుల మధ్య గడిపి, రెండు చెవులూ వాటికే సమర్పించుకున్నాడు. పక్కన పిడుగు పడితే, ఎవరైనా పిలిచారా అని అడిగే రకం. మిగతావాళ్లు చెవుల్లో దూది కుక్కుకుని తుపాకులు పేలుస్తున్నారు. మెకానిక్కు ఎప్పుడూ గేటు దగ్గరే ఆగిపోయేవాడు. ఆ రోజు మాత్రం భార్య సంచీ మోసుకుంటూ ఆవిడ వెనకే లోపలికి వెళ్లాడు. రెండు చేతులూ నిండుగా ఉండడంతో చెవులు మూసుకునే వీల్లేదు.

ఆవిడ మందు పోసింది, గుండు దిగగొట్టింది, టోపీ తొడిగింది. ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

టిక్.

ఏమీ కాలేదు. అయ్యో అనుకునేంతలో, ధాం!

గుండు కాగితాన్ని వదిలి మట్టిగట్టులో దిగబడింది. ఆవిడ తల వంచేసుకుంది. "చూశారా?" అంది మెల్లగా.

"చెయ్యి కదిలిపోతోందమ్మాయ్" అన్నాడు మాస్టారు.

మెకానిక్కు సంచీ కింద పడేశాడు. "మాస్టారూ, అది రెండుసార్లు మోగిందేంటి?"

"ఏంటీ?"

"రెండుసార్లండీ!" చెవిలో నోరు పెట్టి అరిచాడు. "ముందు టిక్ అంది. తర్వాత ధాం అంది. మధ్యలో సందుంది! మా మిషన్లో సూది దిగాక కొక్కెం ఆలస్యంగా వచ్చిందనుకోండి, దారం అందదు, కుట్టు తప్పిపోతుంది. అలాంటి సందే ఇది!"

"ఊరుకోండి. ఆ సందు నాలో ఉంది" అంది భార్య, చెవుల్లో దూది తీస్తూ.

"నీలో ఎలా ఉంటుందే? టిక్కంటే సుత్తి పడ్డట్టేగా! సుత్తి పడిందంటే నీ వేలు చెప్పిన పని చెప్పినప్పుడే చేసేసింది. ఆ తర్వాత జరిగేదాంతో నీ వేలికేం సంబంధం?"

ఆవిడ తన వేలి వంక చూసుకుంది.

మాస్టారికి విషయం ఎక్కడానికి కాస్త టైము పట్టింది. ఎక్కాక మాత్రం ఆయన తుపాకీ అందుకుని తనే మందు కూరి పేల్చాడు. గుండు మళ్లీ గట్టు పాలైంది. ఇన్నేళ్లలో మాస్టారి గుండు కాగితం తప్పడం ఎవరూ చూడలేదు. పక్కనున్నవాళ్లు పేల్చడం ఆపేసి చుట్టూ చేరారు.

"నిజమే, మీట నొక్కాక ఆగి తన్నింది" అన్నాడు మాస్టారు భుజం రుద్దుకుంటూ. "పేలిపోయిందనుకుని నా చెయ్యీ దిగిపోయింది."

టోపీలు చెమ్మగిల్లాయేమోనని కొత్త డబ్బా విప్పారు. మళ్లీ టిక్, ఆ తర్వాత ధాం. మందు పాడైందేమోనని మాస్టారు తన మందు పోసి చూశాడు. అదే వరస. మెకానిక్కుకు ఆశ పుట్టిందిగానీ, ఇంతలోనే సంబరపడితే దిష్టి తగులుతుందేమోనని నోరు మూసుకుని నిలబడ్డాడు.

"ఇక మిగిలింది నిప్పు వెళ్లే దారే" అన్నాడు మాస్టారు. గొట్టం ఖాళీగా ఉందని కడ్డీ దించి చూసుకున్నాక, టోపీ తొడిగే మొనను రెంచితో విప్పాడు. అది వేలి గోరంత ఉంది. వెలుగుకు ఎత్తి చూస్తే అవతలి వైపు కనిపించలేదు.

"సూదుందా అమ్మాయ్?"

టైలరు దగ్గర సూది లేకపోవడమా! ఆవిడ కాలరు మడతలోంచి సన్నసూది తీసి ఇచ్చింది. రంధ్రంలో పెట్టి తిప్పితే కాటుకలాంటి నల్లటి జిడ్డు సూదికి చుట్టుకుని వచ్చింది. మొన బిగించే చోటా అదే జిడ్డు. మాస్టారు వాసన చూశాడు. చెవులు పోయినా ముక్కు మాత్రం అమోఘం.

"నూనె! మసితో కలిసి ముద్దయింది. నిప్పు దీన్ని దాటుకుని వెళ్లేసరికి ఆలస్యం అవుతోంది. ఇది తుపాకీకి వేసేది కూడా కాదు, కుట్టుమిషను నూనె. ఏ వెధవ పోశాడమ్మా ఇందులో?"

ఆవిడ మెల్లగా తల తిప్పి భర్త చొక్కా జేబు వంక చూసింది. పొడుగు ముక్కు డబ్బా అక్కడే నిక్కి నిలబడి ఉంది. ఆయన దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడుగానీ, అప్పటికే వంద కళ్లు దాన్ని చూసేశాయి.

"తుప్పు పడుతోందనీ..." అన్నాడు నీళ్లు నములుతూ.

మాస్టారు నిప్పు వెళ్లే దారంతా స్పిరిటుతో కడిగాడు. గుడ్డతో తుడిచి, మొన బిగించి, వట్టి టోపీలు పేల్చి లోపలి తడి ఆరగొట్టాడు. మందూ గుండూ కూరి, టోపీ తొడిగి తుపాకీ ఆవిడ చేతికిచ్చాడు. ఈసారి ఆవిడ చెవుల్లో దూది పెట్టుకోలేదు.

ధాం!

ఒక్కటే చప్పుడు. దాని ముందూ ఏమీ లేదు, వెనకా ఏమీ లేదు. గుండు నల్లచుక్క అంచును చీల్చుకుని వెళ్లింది.

"ఎన్నిసార్లు మోగిందండీ?" అంది ఆవిడ, తుపాకీ దించకుండానే.

"ఒక్కసారే! ఒక్కసారే మోగిందే!"

ఆవిడ తుపాకీ మాస్టారి చేతిలో పెట్టి, పక్కనున్న బండరాయి మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. "ఇన్నాళ్లూ నేను చస్తూ బతికాను! రోజూ పొద్దున్నే లేచి గ్లాసు పట్టుకుని చూసుకున్నాను. షాపు మూసేద్దామనుకున్నాను. మీ చేతులు పడిపోను, నా ప్రాణాలు తోడేశారు కదండీ!"

"తిట్టవే, ఇంకా తిట్టు" అన్నాడు మెకానిక్కు. ఇంత హాయిగా తిట్లు తినడం జన్మలో ఎరగడు. గుండెల మీంచి కొండ దిగినట్టుంది ఆయనకు. నూనెడబ్బా తనే తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఆవిడ దాన్ని సంచీ అడుగున కుక్కి జిప్పు లాగేసింది.

తుపాకీ మాస్టారి దగ్గర వదలలేదు. దారిలో పై వీధి టైలరమ్మ ఇంటి ముందు ఆగారు. టైలరమ్మ ఆ కోటు గుడ్డకు ఇంకా కత్తెర పెట్టలేదట, నవ్వుతూ మడత పెట్టి ఇచ్చేసింది.

మళ్లీ స్కూటరెక్కారు. ఆవిడ ఒక చేత్తో కోటు గుడ్డను పొదువుకుని, రెండో చెయ్యి ఆయన భుజం మీద వేసింది. ఆ చెయ్యి పొద్దుటిలాగే గజగజలాడుతోంది. కాస్త దూరం వెళ్లాక ఆవిడ ముందుకు వంగింది.

"ఏమండీ, ఈ బండి ఇలా వణికిపోతోందేంటి? ఇంటినిండా నూనె పెట్టుకుని, దీనికి మాత్రం ఒక్క చుక్క వేసిన పాపాన పోలేదా?"

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లల్లో నీళ్లు తిరిగి రోడ్డు కనిపించక, బండి పక్కకు తీసి ఆపేశాడు.