ఎవరికీ కాని దరువు

కాగితాల మంట మీద తోలు వేడెక్కుతోంది. కమురు వాసన... ముంబై కామాటిపుర గల్లీ నిండా.

రాజలింగం డప్పును మంటకు తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. వేలితో కొట్టి వింటాడు. ఇంకా మెత్తగానే ఉంది. ఇంకొంచెం కాగాలి.

ఇది తెలిసిన పనే. తెలియనిది ఆ కాగితం.

చాల్ ముంగిట్లో, ఆ ఇరుకు గదుల మేడ ముందు, వాయిద్యగాళ్లు కూర్చున్నారు. ఒక వయొలిన్. ఒక క్లారినెట్. మూడో మనిషి ముందు నీళ్ల బకెట్టు — అదీ వాయిద్యమేనట! వీళ్లందరినీ పోగేసిన రుతుజ అతనికీ ఒక కాగితం ఇచ్చింది. దాని మీద స్వరాలు లేవు. గీతలు, చుక్కలు. తలా తోకా లేదు.

ఏ వాయిద్యమైనా సరే, ఏ చప్పుడైనా సరే అని హిందీలో చెప్పింది. గీతను చూసి నీకు తోచింది వాయించు, కాకా.

తోచింది...

అతని చేతికి ఎప్పుడూ ఏదీ తోచలేదు. పెళ్లికి పెళ్లి దరువు. బోనాలకు బోనాల దరువు. చావుకు చావు దరువు. ఎవరి కోసమో తెలిస్తేనే చెయ్యి లేస్తుంది. ఎవరికీ కాని దరువు ఎలా ఉంటుంది?

వయొలిన్ మూలిగింది. బకెట్టులో నీళ్లు గలగలమన్నాయి. నవ్వాలో భయపడాలో అతనికి తెలియలేదు.

అతని కాగితం మీది గీత పైన మొదలై, మెల్లగా, మెల్లగా కిందికి జారింది.

కిందికి... ఇంకా కిందికి...

చెయ్యి లేచింది.

ఆగి ఆగి పడే దెబ్బ. పాడె వెంట నడిచే దెబ్బ.

అదే ఎందుకు వచ్చిందో అతనికి తెలియదు.

పై అంతస్తులో లచ్చమ్మ బియ్యం ఏరుతోంది. ఆమె మొగుడు నర్సింహులు ఆసుపత్రిలో ఉన్నాడు. కొడుకు పింటూ అక్కడే కాపలా. ఈ గల్లీలో చావు కబురు మనిషి కంటే ముందు డప్పే చెబుతుంది.

చాట అక్కడే వదిలేసి, చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చింది.

"ఎవలు పోయిన్రు, తమ్మీ?"

"ఎవ్వలు పోలే, అక్కా..."

"మరి ఎవలికి కొడుతున్నవ్?"

అతను కొడుతూనే గడ్డంతో కాగితం వైపు చూపించాడు. ఆమె గీతను చూసింది. అతన్ని చూసింది. గొంతులోంచి ఏడుపు తన్నుకొచ్చింది.

వయొలిన్ వెంటనే ఆ ఏడుపును అందుకుంది! అదీ సంగీతమే అనుకున్నారు కాబోలు. రుతుజ కళ్లు మూసుకుని తల ఊపుతోంది.

రాజలింగానికి ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. ఆపేద్దామంటే తండ్రి మాట అడ్డం పడింది — చావు దరువు ఎత్తుకుంటే నడుమ ఆపొద్దు, ఆపితే ఒక మనిషిని బలి అడుగుతుంది. ఆపకపోతే, బతికున్నవాణ్ణి పాడె ఎక్కించినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

లచ్చమ్మ ఏడుపు మింగింది.

"ఆపకు. మార్సు. మా లగ్గంల మీ నాయిన కొట్టింది కొట్టు."

ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది.

దరువు పెళ్లి వైపు మళ్లింది. ఉరికింది. క్లారినెట్ తడబడింది. రుతుజ కళ్లు తెరిచి, ఆ దరువు కోసం కాగితంలో వెతకసాగింది.

అప్పుడు లచ్చమ్మ నడుము దగ్గర ఫోను మోగింది. తీసి చూసింది. పింటూ.

ఎత్తలేదు.

రాజలింగం చెయ్యి మందగించింది.

"కొట్టు," అంది లచ్చమ్మ.

ఫోను మోగుతూనే ఉంది. అతను కొట్టాడు.