ఎగిరే బాతు కొవ్వు

ఎండుచేపల వ్యాపారానికి మొదటి శత్రువు వాన, రెండోది కుక్క. వానొస్తే తాటాకులు కప్పొచ్చు. కుక్కలకి మనిషిని పెట్టాలి. ఆ మనిషి చేపలు ఇంటికి పట్టుకుపోకుండా ఇంకో మనిషిని పెట్టాలి. బందరులో ఒక దొర ఉద్యోగం విరమించి దేశం వెళ్ళిపోతూ సామాను వేలం వేయించాడు. కుర్చీలకీ, గోడగడియారాలకీ జనం ఎగబడ్డారు. చివర్లో గంపకింద మూడు సీమబాతులు మిగిలాయి. ఎవరూ పాట పెంచలేదు. నేను పాడుకున్నాను.

మన నాటుబాతుకి మూడింతలు ఉంటాయవి. తెల్లటి ఒళ్ళు, చేతికర్రంత మెడ. కుక్క కనబడితే మెడ నేలబారుగా చాచి, బుసకొడుతూ మీదికి పోతాయి. చేప ముట్టవు, కాలవగట్టు మీద గరిక మేస్తాయి. కూలి అడగని కాపలా దొరికిందని ఆ రోజు పంటు పడవ మీద కృష్ణ దాటుతూ నాలో నేనే మెచ్చుకున్నాను. ఇది పంతొమ్మిది వందల ముప్పై ఒకటిలో మాట.

మాది దివిసీమ. హంసలదీవికి కోసెడు దూరంలో ఇల్లు, ఇంటి ముందు చేపలు ఎండేసే ఇసక దిబ్బ, పక్కన కాలవ. ఇంట్లో నేనూ, నా భార్య కనకరత్నమూ. పిల్లలు లేరు. బాతుల్ని దింపగానే ఆమె గంప చుట్టూ తిరిగి చూసి, "హంసల్ని తెచ్చావే మావా!" అంది.

"హంసలు కాదు, కాపలా."

"ఏదైతేనేం, వీటిని చూస్తే నీకంటే పరువైన వాళ్ళలా ఉన్నారు."

మూడేళ్ళలో మూడు ఏడయ్యాయి. తొలకరి గరిక వాటికి ఏ గట్టు మీద దొరుకుతుందో, ఏది పొదుగుతుందో, ఏది గుడ్లు వదిలి తిరుగుతుందో అంతా రత్నానికే తెలుసు. నాకు కావలసింది దిబ్బ మీదికి కుక్క రాకపోవడం. రావడం లేదు.

కార్తీకం వెళ్ళబోయే రోజుల్లో పై నుంచి అడవిబాతుల జాతి వచ్చేది. బూడిదరంగు ఒళ్ళు, తెల్లటి తల, ఆ తల వెనక రెండు నల్ల చారలు. పడవ ముక్కులా బారు కట్టి, ఆకాశంలో అంత ఎత్తున అరుచుకుంటూ వచ్చి, ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర బురదనేలల్లో దిగేవి. పగలంతా నీళ్ళ మధ్య ఇసకతిన్నెల మీద ఉండి, పొద్దు వాలేసరికి పొలాల మీదికి మేతకి వెళ్ళేవి. అవి మా ఇంటి మీదుగా పోతుంటే మా తెల్లబాతులు మేత మానేసి, తల పక్కకి వాల్చి ఒక్క కంటితో పైకి చూసేవి. తర్వాత రెక్కలు కొట్టుకుంటూ గట్టు పొడవునా పరుగెత్తేవి. ఒక జానెడు లేచేవి, కూలబడేవి. రత్నం వాటితోపాటు పరుగెత్తేది, ముప్పై ఏళ్ళ ఆడది, కొంగు బిగించి.

"ఎక్కడినుంచి వస్తాయి మావా ఇవి?"

"ఉత్తరాది నుంచి."

"ఉత్తరాదంటే?"

"గుడివాడ దాటి."

"పోనీలే, గుడివాడ అవతల కూడా లోకం ఉందని ఒప్పుకున్నావు. నీ చేపలు అక్కడితో ఆగిపోతాయిగా."

"వాటిని చూస్తే ఏమొస్తుంది నీకు?" అన్నానొకసారి.

"ఏమీ రాదు. అందుకే చూస్తున్నాను. వచ్చేదాన్ని నువ్వు చూసుకుంటున్నావుగా."

ముప్పై నాలుగు దసరా వెళ్ళాక ఒకరోజు గట్టు మీద బాతుల్ని తోలుతూ పరుగెత్తి ఆగినప్పుడు రత్నానికి దగ్గు వచ్చింది. అది తగ్గలేదు. నెల్లాళ్ళకి బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ వీపు మీద వేళ్ళతో తట్టి, గొట్టం పెట్టి విని, క్షయ అంది. మదనపల్లె దగ్గర కొండల్లో ఈ జబ్బుకి ఒక ఆసుపత్రి ఉంది, అక్కడ మంచం కోసం రాస్తాను, పిలుపు రాగానే తీసుకెళ్ళండి అంది.

"ఎన్నాళ్ళుండాలండీ?"

"ఏడాది కావచ్చు."

"నయమౌతుందాండీ?"

"మాటివ్వలేను. ఇప్పుడైతే ఆశ ఉంది."

ఎండిందో లేదో చెప్పలేని సరుకుని నేనెప్పుడూ కొనలేదు. మాటివ్వలేని వైద్యానికి ఏడాదా, అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. బందరు ఆసుపత్రి నర్సు రూతమ్మ మా అవనిగడ్డ పక్క మనిషే. మమ్మల్ని గుమ్మందాకా సాగనంపుతూ, "పిలుపు నేనే పంపిస్తాను కోటిలింగంగారూ. ఆలస్యం చేయకండేం," అంది.

ఆ వారమే గుడివాడ సంతలో లక్ష్మయ్య కలిశాడు. జమీందార్ల వేటలకి ముందు నడిచే మనిషి, సొంతానికి తుపాకీ ఉంది. నా మొహం చూసి సంగతి అడిగాడు. చెప్పాను.

"దానికి కొండలెందుకు బావా? బాతు కొవ్వు గుండెలకి రాసి, చెంచాడు వేడిపాలలో పట్టించు. దొరలంతా అదే చేస్తారు. అదీ ఊళ్ళో తిరిగే బాతుది కాదు, ఎగిరొచ్చే దానిది. అంతదూరం ఆయాసం లేకుండా వస్తుందంటే దాని ఊపిరెంత గట్టిదో చూడు. ఆ గట్టిదనమంతా కొవ్వులోనే ఉంటుంది."

నాకది సబబుగా తోచింది. సొరచేప నూనె పిల్లల ఉబ్బసానికి వాడతాం కదా. ఈదే దాని నూనె పనిచేస్తే ఎగిరే దానిది ఎందుకు చేయదు? అయినా చేతిలో ఉన్నదానితో మొదలుపెడదామని, ఇంటికి రాగానే మా తెల్లబాతుల్లో ముసలి పెట్టని కోశాను. రత్నం అప్పుడు పడుకుని ఉంది. కొవ్వు కరగబెట్టి గిన్నెతో పట్టుకెళితే మూకుడు వాసనకే లేచి కూర్చుంది. బయటికి చూసి లెక్కపెట్టింది.

"ఆరే ఉన్నాయి."

నేను గిన్నెలో వేళ్ళు ముంచాను.

"అది రాస్తే నా ఒంటి మీద చెయ్యి వేయనివ్వను మావా. ఇంకొకదాన్ని ముట్టావంటే అన్నం మానేస్తాను."

మానేసే మనిషే. గిన్నె పక్కన పెట్టేశాను. మా బాతుల్ని ముట్టనని మాటిచ్చాను. అడవి వాటి గురించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మార్గశిరంలో లక్ష్మయ్య మొదటి అడవిబాతు తెచ్చాడు. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. రొమ్మెముక కత్తిలా తగిలింది. తోలు కింద కొవ్వన్నది లేదు, ఒట్టి కండ. అంతదూరం ఎగిరి, ఉన్నదంతా దారిలో కరిగించుకుని వచ్చింది. నా చేతుల మీదుగా ఎన్ని లక్షల చేపలు పోయాయో! ఏ చేపలో ఏ నెలలో నూనె ఉంటుందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఏటికి ఎదురీదబోయే ముందు పులస ఎలా ఉంటుంది, గుడ్లు పెట్టి తిరిగొచ్చేటప్పుడు ఎలా ఉంటుంది? బాతైనా అంతే. కోతలయ్యాక రాలిన వడ్లు తినాలి, మినుము చేలల్లో మేయాలి. తిరుగు ప్రయాణానికి ముందు బలుస్తుంది.

"ఇప్పుడు కొట్టకు," అన్నాను లక్ష్మయ్యతో. "మాఘం వెళ్ళనీ. అప్పుడొక నాలుగైదు తెచ్చిపెట్టు."

"అబ్బో! నీకు నేను వేట నేర్పాలనుకుంటే నువ్వు నాకు నేర్పుతున్నావే బావా," అని నవ్వాడు. నాక్కూడా నా తెలివి చూసుకుని కొంచెం గర్వం కలిగింది. ఆ గర్వం దాచడం ఇప్పుడు అనవసరం.

పుష్యంలో రూతమ్మ దగ్గర్నుంచి చీటీ వచ్చింది. కొండ ఆసుపత్రిలో మంచం దొరికింది, పదిహేను రోజుల్లో చేరాలి, చేరకపోతే వరసలో తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తారు. చీటీ చదువుకుని దిబ్బ మీదే నిలబడ్డాను. ఏడాదిలో నాకు చేపా ఎండా రెండూ నమ్మకంగా దొరికేది ఆ రెండు నెలలే. దిబ్బ నిండా చేప పరిచి ఉంది. అది ఒక వైపు. ఇంకో వైపు, నెల ఆగితే కొవ్వు చేతికొస్తుంది. నెలరోజుల్లో ఏం మునిగిపోతుంది? అప్పటికి రత్నం లేచి తిరుగుతోంది. పొద్దున్నే బాతుల్ని తోలుకెళ్ళి గట్టున కూర్చుంటోంది. ముందు కొవ్వు వాడి చూద్దాం, గుణం కనిపించకపోతే అప్పుడే మదనపల్లె అడుగుదాం, అనుకున్నాను. ఆమెకి చదువు రాదు. చీటీ సంగతి చెప్పలేదు. పదిహేను రోజులూ గడిచిపోయాయి.

మాఘంలోనే మంచం పట్టింది. గుడ్డలో నెత్తురు కనపడసాగింది. ఫాల్గుణం రాగానే లక్ష్మయ్య ఐదు బాతులు తెచ్చాడు. నా అంచనా తప్పలేదు. తోలు లేపితే వేలు మందాన పచ్చటి కొవ్వు. కరిగిస్తే నేతిడబ్బా నిండింది. లక్ష్మయ్య నా వీపు మీద చరిచి, "నువ్వన్న నెలకి నువ్వన్నంత వచ్చింది బావా!" అన్నాడు.

మూడు పూటలు రాశాను. గుంటూరు నుంచి తెప్పించిన మందన్నాను. నాలుగో పూట ఆమె నా భుజం మీద నుంచి ఏదో తీసి చూసింది. బూడిదరంగు ఈక, చిన్నది.

"వెళ్ళిపోయే ముందు కొట్టించావా?"

"అప్పుడే కొవ్వుంటుంది రత్నం."

"దారి ఖర్చుకి దాచుకున్నది," అంది.

వెనక్కి వాలింది. నన్ను రాయనిచ్చింది. కాదనడానికి ఓపిక లేక రాయనిచ్చింది. ఒకప్పుడు నా చెయ్యి ఒంటి మీద పడనివ్వనన్న మనిషి ఇప్పుడు ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు తిరుగుతోంది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

వారానికి రూతమ్మ వచ్చింది. అవనిగడ్డలో మశూచి టీకాలు వేయడానికి వచ్చి, మమ్మల్ని చూద్దామని పడవెక్కింది. లోపలికొచ్చి నాడి చూసి, మొహం మార్చుకుంది. నేను సైగ చేసేలోగా అననే అంది.

"మంచం దొరికిందని చీటీ పంపానే! ఎందుకు వెళ్ళలేదండీ?"

రత్నం కళ్ళు తెరిచింది. రూతమ్మ వైపు కాదు, నా వైపు చూసింది.

"ఎప్పుడొచ్చింది మావా?"

"పుష్యంలో."

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "అప్పటికి నేను నడుస్తున్నాను," అంది.

తిట్టలేదు. తిడుతుందేమో, తిడితే బాగుండునని మంచం పక్కనే కూర్చున్నాను. రూతమ్మ బయటికి వెళ్ళి కాలవగట్టున నిలబడింది. ఇప్పుడైనా తీసుకెళ్ళనా అని వెనకే వెళ్ళి అడిగాను. "ఇప్పుడు ప్రాణంతో పంటు కూడా దాటదండీ," అంది. నా మొహం చూడకుండా చెప్పింది.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజున పోయింది. పగటిపూట, దిబ్బ మీద చేపలు తిరగేసే వేళకి. చివరి రెండు రోజులూ నాతో మాట్లాడింది ఒక్కటే మాట. బాతుల్ని అమ్మకు, రూతమ్మకి ఇచ్చెయ్యి, ఆమె కోయదు, అని. ఇచ్చేశాను. ఆరింటినీ పడవ ఎక్కిస్తుంటే ఒక్కటీ అరవలేదు.

దినకర్మలయ్యాక, కృత్తివెన్ను నుంచి పోతురాజు వచ్చాడు. నా దగ్గర అప్పుడప్పుడు సరుకు కొనే చిన్న బేరగాడు. వెంట భార్య సత్యవతమ్మ. పాతికేళ్ళుంటాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఆ దగ్గు వినగానే నాకు తెలిసిపోయింది. ఆ జబ్బుకి ఎన్నో నెలో కూడా చెప్పగలను.

"మావయ్యా, నీ దగ్గర అడవిబాతు కొవ్వు మిగిలిందని లక్ష్మయ్య చెప్పాడు. ఈ ఏటికి పక్షులు వెళ్ళిపోయాయట. నీ దగ్గర తప్ప ఎక్కడా లేదు."

"దానివల్ల లాభం లేదు పోతురాజూ. బందరు తీసుకెళ్ళు. ఇవాళే వెళ్ళు."

"ఎంతివ్వమంటావు?"

"అమ్మను. పనిచేయదంటున్నాను. నా ఇంట్లో ఏం జరిగిందో చూశావుగా."

"అత్తయ్యకి ఆలస్యమైపోయిందని లక్ష్మయ్య చెప్పాడు. మాకింకా మొదలే. చూడు మావయ్యా, నీ సంగతి నాకు తెలియనిది కాదు. సరుకు బాగోలేదన్నావంటే ధర పెంచబోతున్నావన్నమాట. ఆ ఎండుసొర బేరమప్పుడు ఇలాగే చేశావు."

నిజమే, అలాగే చేశాను.

"నేనూ వస్తాను బందరుకి," అన్నాను. "అక్కడ నాకు తెలిసిన నర్సుంది. మంచానికి రాయిస్తాను. పిలుపొచ్చిన రోజు నేనే మీ ఇంటికొచ్చి బండెక్కిస్తాను."

పోతురాజు నవ్వాడు. భార్య వైపు చూసి, చూశావా అన్నట్టు తలాడించాడు. "లాభం లేకుండా నువ్వు బందరు దాకానా? ఆ ఆసుపత్రివాళ్ళు మనిషికింతని నీకేమైనా ఇస్తారా మావయ్యా?"

సత్యవతమ్మ నా వైపు చూసింది. ఆ ఒక్కతే నమ్మినట్టు అనిపించింది. కానీ మొగుడి ముందు ఏమంటుంది? తల దించుకుంది.

ఇంక నాకు ఒకటే దారి తోచింది. లోపలికెళ్ళి డబ్బా తెచ్చాను. మూత తీసి, వాళ్ళ కళ్ళముందే గుమ్మంలో ఇసక మీద వంచేశాను. చైత్రపు ఎండకి ఎప్పుడో నూనెలా కరిగి ఉంది. నీళ్ళలా పారింది.

"ఇప్పుడు నమ్ముతావా? అమ్ముకునేవాడెవడైనా పారబోస్తాడా?"

"అయ్యో! అయ్యయ్యో, ఎంత పాపిష్టివాడివయ్యా!" అంటూ పోతురాజు మోకాళ్ళ మీద పడ్డాడు. భుజం మీది తువ్వాలు లాగి పరిచి, తడిసిన ఇసకని దోసిళ్ళతో దాన్లోకి ఎత్తుకోసాగాడు. నేను రెక్క పట్టుకుని లేపబోతే విదిలించి కొట్టాడు. ఇంకిపోయిన చోట వేళ్ళతో తవ్వాడు. తువ్వాలు నాలుగు కొసలూ ముడివేసి, గుండెలకి హత్తుకుని లేచాడు.

"వడగట్టుకుంటాను," అన్నాడు నాతో, ఏడుస్తూ. "పద సత్యవతీ."

ఆమె రెండడుగులు వేసి, దగ్గు తెర వచ్చి, నా తాటాకు పందిరి రాట పట్టుకుని ఆగింది. అతను ఆగాడు. దగ్గు తగ్గాక ఆ మూటని ఒక చేత్తో, ఆమెని ఒక చేత్తో పట్టుకుని కాలవగట్టు మీదుగా కృత్తివెన్ను దారి పట్టాడు. నేను వెనకే కొంతదూరం వెళ్ళాను, బందరు, బందరు అని అరుస్తూ. అతను ఇంకా త్వరగా నడిచాడు.