పడుతూనే ఉండే స్టేషన్

కాయలు పగిలి నా చేనంతా తెల్లగా ఉంది. శుక్రవారం నుంచి వానలని ఫోన్లన్నీ ఒకటే మోత. తడిసిన పత్తిని ఆదోని మార్కెట్లో ముట్టుకునేవాడు ఉండడు. సరిగ్గా అప్పుడే, మా ఊరి కూలీల గుంపుకు పెద్ద అయిన సువార్తమ్మ, చేనికి రానని ఇంట్లో కూర్చుంది. పిలవడానికి నేనే వాళ్ళింటికి పోయాను.

"ఆకాశంలో తిరిగే స్టేషన్ మన పక్కే పడ్తాదంట మల్లేశ్వరమ్మా. వీడియో వచ్చినాది" అంది.

నాకు ఒళ్ళు మండింది. "పడితే పడనీ! జొన్నగిరిలో వజ్రాలు ఏరినట్టు మనమూ ముక్కలేరుకుందాం."

"నీకు నవ్వులాట. ఈడయితే నెత్తిన మిద్దె ఉంటాది. చేన్లో నా మనవరాలిని యాపచెట్టుకు ఉయ్యాల కట్టి పండబెట్టల్ల. దాని మీద ఆకులు తప్ప ఏముంటాది?"

ఎమ్మిగనూరు బడిలో సైన్సు చెప్పే మా ఆడబిడ్డ శోభకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"భయం లేదని ఒక్క ముక్క సెప్పు శోభా."

ఒక్క ముక్కతో ఆగితే అది శోభ ఎందుకవుతుంది? "నిజానికి అది ఎప్పుడూ పడుతూనే ఉంటాది వదినా..."

"విన్నావా!" సువార్తమ్మ లేచి నిలబడింది.

"నా కొంప ముంచినావు గదే!" అని అరిచాను.

"పూర్తిగా వినండి. అది పక్కకు అంత జోరుగా పోతాంటాది కాబట్టి, అది పడినంత మేర కింద భూమీ వంగిపోతాది. నేలను తగల్దు. ఆడ కూడా రవ్వంత గాలి ఉంటాది, దాని రాపిడికి కొంచెం కొంచెం కిందికి దిగుతాది. అందుకే అప్పుడప్పుడూ పైకి తోస్తారు. పాతబడినాక దాన్ని సముద్రంలో దించేది ఇంకా కొన్నేండ్లకు. వీడియోలో ఆ మాట కోసేసినారు."

సువార్తమ్మ నమ్మలేదు. ఇంట్లో కట్టిన ఉయ్యాలలో పాప కదిలితే ఒకసారి ఊపింది. అది చూశాక నాకు దారి దొరికింది.

"చేన్లో దీన్ని ఎవరు ఊపుతారు?"

"సాలు చివరికొచ్చినోళ్ళు ఒగ ఊపు ఊపి పోతారు."

"ఎప్పుడన్నా మరిచినారా?"

"మరిస్తే ఊరంతా ఇనపడేట్టు ఏడ్సదా?"

"ఆడా అంతే. ఎవరో ఒకరు ఊపుతానే ఉంటారు."

ఆమె ఫోన్ వైపు వంగింది. "ఆడ తోసేది ఎవరమ్మా?"

"లోపలోళ్ళకు తిండి, సరుకు తెచ్చే ఆకాశ ఓడలున్నాయి కదా, ఎక్కువసార్లు అవే తోస్తాయి" అంది శోభ.

సువార్తమ్మ ముఖం విప్పారింది. "అంటే తిండి తెచ్చినోళ్ళే పైకి తోస్తారన్నమాట!"

"ఆ, అంతే, అంతే" అన్నాను తొందరలో.

"అట్లయితే రేపట్నుంచి వస్తాం. మధ్యాన్నం జొన్నరొట్టె, పప్పు చేనికే రావల్ల."

ఇన్నేళ్ళూ ఎవరి సద్ది వాళ్ళే తెచ్చుకున్నారు. కాదనబోయి, మబ్బు వైపు చూసి నోరు మూసుకున్నాను.

గురువారం సాయంత్రం చివరి మూట మీద పట్ట కప్పుతుండగా తొలి చినుకు పడింది. సంతోషం పట్టలేక సువార్తమ్మను వాటేసుకున్నాను.

"వాన తెరిపిచ్చినాక పక్క చేను కాశప్పకు తీస్తాం. తోసే సంగతి ఆయనకూ సెప్పినాం" అంది ఆమె.

ఇప్పుడు మా పక్క ఎవరి పత్తి తీయాలన్నా చేనికి రొట్టెలు పోవాల్సిందే. దారిలో కనబడితే చాలు, కాశప్ప నన్ను చూసి పళ్ళు కొరుకుతాడు. కొరకనీ. నా పత్తి తడవలేదు.