లాడాలు నావి

గుర్రాన్ని అద్దెకు తీసుకునేవాడు జీను చూస్తాడు, కొనేవాడు పళ్లు చూస్తాడు. ముప్పయ్యేళ్లుగా రేవులో ఎండుచేపల బేరాలాడిన సాల్వర్‌కు, ఏ సరుకు ముందైనా సరే, మనిషి నిలబడిన తీరు చూస్తే చాలు, వాడొచ్చిన పని తెలిసిపోయేది. అందుకే ఆ మధ్యాహ్నం తోర్గిల్స్ దొడ్డి దగ్గర కారు ఆపాక, కంచె లోపల ఎవరో కొత్త మనిషి రిస్పా అనే గుర్రం పెదవి పైకెత్తి పళ్లు చూస్తుండడం కనబడి, తలుపు తీయకుండా కాసేపు అలాగే కూర్చుంది.

తెల్లవారితే మందదింపు. వేసవంతా కొండల మీద వదిలేసిన గొర్రెల్ని, లోయలో వాళ్లంతా గుర్రాలెక్కి వెళ్లి కిందికి తోలుకొచ్చే రోజు. ఏ కొట్టం వైపు చెవి పెట్టినా లాడాలు కొట్టే సుత్తి చప్పుడే. రేపటికి రిస్పాను తనకిమ్మని అడగడానికే సాల్వర్ వచ్చింది.

ఆమె కారు దిగి కంచె దగ్గరికి నడిచింది. తోర్గిల్స్ అక్కడే ఉన్నాడు, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని. గడ్డి మోపుల కింద పడ్డప్పటినుంచి ఆ భుజం అంతంతమాత్రం.

"ఎవరాయన?"

"వోల్క్‌మార్. జర్మనీ ఆయన. మా అతిథి. రేపు మందదింపుకి మనతో వస్తున్నాడు."

"దేని మీద?"

తోర్గిల్స్ కంచె కర్ర మీది నాచును గోటితో గీకాడు. "రిస్పా మీద."

"మరి పళ్లెందుకు చూస్తున్నాడు? దాంతో కలిసి భోజనానికి కూర్చుంటాడా?"

"నీ వెటకారం నీ దగ్గరే ఉంచుకో. రేపు సవారీ నచ్చితే తీసుకుపోతాడు. మంచి ధరే చెప్పాడు."

తీసుకుపోవడమంటే సముద్రం దాటించడం. ఈ ద్వీపం వదిలిన గుర్రాన్ని మళ్లీ ఈ నేల మీద కాలు పెట్టనివ్వరు. చట్టమే అది. ఎక్కడి జబ్బులు ఇక్కడికి తెస్తుందోనని ఎప్పుడో పెట్టుకున్న కట్టడి. సాల్వర్ అమ్మిన చేపలో పురుగు కనబడితే పొట్లం తిరిగొచ్చేది. గుర్రం అలా తిరిగి రాదు.

రిస్పా అంటే వాళ్ల మాటలో గాటు. పుట్టినప్పుడు నుదుటి మీద ఉన్న తెల్ల గీతను బట్టి పెట్టిన పేరది. తర్వాత తోర్గిల్స్ తొడ మీద అది చేసిన గాయాన్ని బట్టి వచ్చిన పేరని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. వెనక కాళ్లు ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. లాడం కొట్టనివ్వని గుర్రం ఆ రాళ్లనేల మీద నడవలేదు. నడవని గుర్రానికి మేత దండగ. రెండేళ్ల కిందట, చలి ముదిరేలోగా తోలుకుపొమ్మని తోర్గిల్స్ కసాయికి కబురు కూడా పెట్టాడు. ఆ సంగతి తెలిసి సాల్వర్ వచ్చింది. ఆమెకు నేల లేదు, కొట్టం లేదు. చిన్నప్పుడు నాన్న పొలం అమ్ముకున్నాక, మందదింపు రోజున కంచె బయట నిలబడి చూడడమే ఆమె వంతైంది. తోర్గిల్స్ వంటింట్లో కాఫీ తాగుతూ ఇద్దరూ చెయ్యి కలిపారు. గుర్రం, మేత, కొట్టం తోర్గిల్స్‌వి. లాడాలు, మేకులు, మాలీషు, మచ్చిక చేసే చాకిరీ సాల్వర్‌వి. సవారీ చెరి సగం రోజులు.

ఆ చలికాలమంతా సాల్వర్ దాని వెనక కాళ్ల పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చుంది. ఉప్పు హెర్రింగ్ చేప ముక్కలు ఒక్కొక్కటే పెట్టింది; చలికాలంలో ఉప్పుచేప తినడం ఆ ద్వీపపు గుర్రాలకు అలవాటే. మొదట కాలు పక్కన కూర్చుంటే తన్నేది. తర్వాత కాలు మీద చెయ్యి వేస్తే తన్నేది. చివరికి, చేప ముక్క ఆలస్యమైతే తన్నేది. అప్పుడే సాల్వర్‌కు అర్థమైంది, బేరం కుదిరిందని.

తూకం వెయ్యకుండా చేప తోక కూడా కొనని మనిషి ఆ ఒప్పందంలో అమ్మకం మాట ఎత్తలేదు. కసాయికి పోయేదాన్ని ఇంకెవరు అడుగుతారనుకుంది.

"మన ఒప్పందం సంగతి?" అంది.

"అమ్మకూడదని అందులో ఉందా?"

"అమ్మొచ్చని ఉందా?"

"తల్లీ, అది నా గుర్రం! నా పేరు మీద ఉంది. నాతో బాటు నిన్నూ దాన్ని తిప్పుకోనిచ్చాను. కాదన్నానా ఎప్పుడైనా?"

"తిప్పుకోనిచ్చావా?" సాల్వర్ నవ్వింది, నవ్వులో తడి లేదు. "మేత వేసిన చెయ్యి ఒకటి, తన్నులు తిన్న చెయ్యి ఇంకొకటి. కసాయి ఇస్తానన్న ధరకీ, ఈయన ఇస్తానంటున్న ధరకీ మధ్య ఉన్నది ఎవరి చెమట? నీదా, నాదా?"

"నీకేమన్నా ఇస్తాలే. ఊరికే పోనిస్తానా?"

"ఏమన్నా అంటే ఎంత? ఏమన్నా అనే తూకంరాయి నా కొట్లో లేదు."

తోర్గిల్స్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "గుర్రం నాది. అంతే."

"ఔను, నీదే" అంది సాల్వర్. కారు వెనక తలుపు తీసింది. గోనెపట్టా కప్పిన మూట ఒకదాన్ని పక్కకు జరిపి, పనిముట్ల పెట్టె బయటికి లాగింది.

కంచె లోపలికి వెళ్లి రిస్పా మెడ మీద చెయ్యి వేసింది. కాలు అడగకుండానే ఎత్తి ఇచ్చిందది. సాల్వర్ మేకుల కొసలు సరిచేసి, పటకారుతో లాడం అంచు పట్టి, గిట్ట చిట్లకుండా మెల్లగా వదులు చేసి ఊడదీసింది. లాడం బకెట్లో పడి ఖణేల్‌మంది. రెండోది. మూడోది. తోర్గిల్స్‌కు విషయం అర్థమయ్యేసరికి నాలుగోది కూడా బకెట్లో ఉంది. గుర్రం ఆవలించింది.

"ఏం చేస్తున్నావసలు?"

"నా సామాను నేను తీసుకుంటున్నా. గుర్రం నీది, లాడాలు నావి, మేకులూ నావే. లెక్క సరిపోయిందా?"

"పోయిన వారమేగా కొట్టావు!"

"అందుకే కొత్తగా ఉన్నాయి. పారేసుకోవడమెందుకు?"

"నీ ముష్టి లాడాలు ఎవడిక్కావాలి? నా కొట్టంలో బుట్టెడున్నాయి!" తోర్గిల్స్ విసురుగా వెళ్లి ఆ బుట్ట, సుత్తి పట్టుకొచ్చాడు. ముందు కాళ్లకు ఎవడైనా కొడతాడు, తేలాల్సింది వెనక కాళ్లే కదా అని నేరుగా వెనక్కి వెళ్లి, బాగున్న చెయ్యి చాపాడు. రిస్పా చెవులు మెడకు అంటుకున్నాయి, వెనక కాలు లేచింది. తోర్గిల్స్ వయసుకు మించిన చురుకుతో పక్కకు దూకాడు. అతను తెచ్చిన బుట్ట మాత్రం దూకలేకపోయింది, కంచెకు తగిలి ముక్కలైంది.

వోల్క్‌మార్ రెండడుగులు వెనక్కి వేశాడు.

సరిగ్గా అప్పుడే బూడిదరంగు గుర్రం మీద బార్దుర్ వచ్చాడు. మందదింపు నడిపే పెద్దను ఆ లోయలో కొండరాజు అంటారు. కొండ మీద ఉన్నంతసేపూ ఆయన మాటకు ఎదురుండదు. ఏ ఇంటినుంచి ఏ గుర్రం, ఏ మనిషి వస్తున్నారో ముందురోజు తానే తిరిగి చూసుకుంటాడు.

"తోర్గిల్స్, నీ ఇంటి వంతు మనిషీ గుర్రమూ సిద్ధమేనా?" అని అడిగి, రిస్పా ఉత్తి గిట్టల్నీ, విరిగిన బుట్టనీ, సాల్వర్ చేతి పటకారునీ చూశాడు. "ఓహో. ఇక్కడ మందదింపు ఇవ్వాళే మొదలైందే!"

"ఈవిడ నన్ను బెదిరిస్తోంది, చూడండి. లాడాలు పీకేసింది!"

"బెదిరించడంలేదు, బేరమాడుతున్నా" అంది సాల్వర్. "బెదిరించేదాన్నే అయితే లాడాలు పట్టుకుని ఎప్పుడో వెళ్లిపోయేదాన్ని. ఇక్కడే నిలబడ్డాగా? నాలుగు మాటలున్నాయి నావి. ఒప్పుకున్న మాటకొక లాడం కొడతా. ఈసారి కాఫీ మీద కాదు, రాసుకుందాం. మీరు సాక్షి."

"ఉత్తి సాక్ష్యమా?"

"పొట్లం ఎండుచేప."

"వెన్న కూడా పెట్టు" అంటూ బార్దుర్ గుర్రం దిగాడు.

సాల్వర్ కారులోంచి చేపలు సర్దే అట్టపెట్టె మూత ఒకటి చించి తెచ్చి, పెన్సిలుతో పాటు బార్దుర్ చేతికిచ్చింది.

"మొదటి మాట. మా ఇద్దరి ఒప్పుదల లేకుండా మూడో మనిషి దీని వీపెక్కకూడదు."

తోర్గిల్స్ వోల్క్‌మార్ వైపు చూశాడు. వోల్క్‌మార్ విరిగిన బుట్ట వైపు చూస్తున్నాడు. "సరే రాయండి" అన్నాడు తోర్గిల్స్. ముందు కుడి కాలికి లాడం పడింది.

"రెండు. మందదింపు ఒక ఏడాది నీది, ఒక ఏడాది నాది. నిరుడు నువ్వు వెళ్లావు."

"అంటే రేపు నువ్వా?"

"లెక్క నువ్వే చెప్పావు."

బార్దుర్ గడ్డం గోక్కున్నాడు. "మనిషెవరైతే నాకేం? గుర్రం కుంటకుండా ఉంటే చాలు." తోర్గిల్స్ గొణుక్కుంటూ తలూపాడు. రెండో లాడం.

"మూడు. జబ్బు చేస్తే వైద్యుడి ఖర్చు చెరి సగం. మందు పెట్టాలా, కాల్చి పడెయ్యాలా అన్నది ఇద్దరం కలిసి తేల్చాలి. ఒక్కడివే కసాయికి కబురు పెట్టకూడదు."

పాత సంగతి ఎత్తినందుకు తోర్గిల్స్ చెవులు ఎర్రబడ్డాయి గానీ, దానికీ ఒప్పుకున్నాడు. సాల్వర్ వెనక ఎడమ కాలు ఒళ్లోకి తీసుకుంది. చిన్నపిల్ల కాలిగోళ్లు తీయించుకుంటున్నట్టు నిలబడింది రిస్పా. వోల్క్‌మార్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"ఇక నాలుగోది. దీన్ని అమ్మదలిస్తే ముందు నన్నడగాలి. నేను కొంటానంటే నాకే ఇవ్వాలి. కసాయి ధర మొత్తం నీది. దానిమీద పెరిగినదాంట్లో సగం నాది. నేను కొననంటేనే అది సముద్రం దాటాలి."

"కుదరదు!" తోర్గిల్స్ కేక కొట్టం దాకా వినబడింది. "నా సొత్తు అమ్ముకోడానికి నీ ముందు చెయ్యి కట్టుకు నిలబడాలా? మూడు మాటలిచ్చాను, మూడు లాడాలు కొట్టావు. నాలుగోది కూడా కొట్టి కదులు."

"మూడు లాడాల మీద గుర్రం నడుస్తుందా?"

"నడవదు."

"మూడు మాటల మీద ఒప్పందమూ నడవదు" అని సాల్వర్ మళ్లీ పటకారు అందుకుంది. ముందు కుడి కాలు ఎత్తి, కొట్టిన మేకు కొసను సరిచేయడం మొదలుపెట్టింది. రేపు కంచె బయటే నిలబడాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. చలికి బిగుసుకుపోయిన కాళ్లతో కొండ మీది చుక్కల్లాంటి గొర్రెల్ని లెక్కపెట్టుకుంటూ, ఎప్పట్లాగే. నష్టమే. కానీ నష్టానికి భయపడి సరుకు వదిలేసినవాడు రేవులో ఎవడూ నిలవలేదు.

"ఆగు!" అన్నాడు తోర్గిల్స్. ఆమె ఆగలేదు.

అప్పుడు వోల్క్‌మార్, వచ్చీరాని వాళ్ల మాటలోనే నోరు విప్పాడు. "ఒక్క ప్రశ్న. దీని వెనక కాళ్లకు మా ఊళ్లో లాడం ఎవరు కొడతారు?"

బార్దుర్ కిందికి చూస్తూ మీసంలో నవ్వుకున్నాడు.

"ఇప్పుడడిగారు అసలు ప్రశ్న" అంది సాల్వర్. "దీన్ని కొనాలంటే మీరు నన్ను కూడా కొనుక్కోవాలి. నేను అమ్మకానికి లేను."

"అలవాటు చేస్తే అదే పడుతుంది!" అన్నాడు తోర్గిల్స్.

"నువ్వు చేయి చూద్దాం" అన్నాడు బార్దుర్. "బుట్టలింకా ఉన్నాయా ఇంట్లో?"

వోల్క్‌మార్ తల అడ్డంగా ఊపాడు. మర్యాదగానే, కానీ గట్టిగా. చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకున్నాడు. వెళ్లిపోయే కొనుగోలుదారు చేతులు ఎలా కదులుతాయో సాల్వర్‌కు తెలుసు.

తోర్గిల్స్‌కూ తెలిసింది. సాల్వర్ ఉంటే ఇది లోయలోకెల్లా మేలైన గుర్రం. సాల్వర్ వెళ్లిపోతే మళ్లీ ఇంత మాంసం, నాలుగు తన్నులు. ఆ సంగతి అతని మొహం మీద మెల్లగా, అయిష్టంగా కనబడింది.

"సగమా?" అన్నాడు చివరికి.

"పెరిగినదాంట్లో సగం."

"మూడోవంతు చేసుకో."

సాల్వర్ పటకారు మళ్లీ బిగించింది.

"సగమే! సగమే రాయండి బార్దుర్, ఈవిడ నోట్లో మన్నుపడ!"

బార్దుర్ అట్ట ముక్క మీద నాలుగోది రాసి, తోర్గిల్స్ చేత, సాల్వర్ చేత సంతకాలు పెట్టించి, కింద తన పేరు గీశాడు. వేలికంటిన చేప వాసన చూసుకుని, "కొండ మీద గొర్రెలు ఈ అట్టను తినకపోతే చాలు" అన్నాడు.

సాల్వర్ వదులైన మేకు మార్చి బిగించింది. వెనక కుడి కాలికి నాలుగో లాడం కొట్టి, ఆకురాయితో అంచు నున్నగా రాసింది. జేబులోంచి ఉప్పు చేప ముక్క తీసి రిస్పా నోటికిచ్చింది. వోల్క్‌మార్‌కు ముసలి గోధుమ రంగు గుర్రం ఖాయమైంది.

తోర్గిల్స్ ఇంటివైపు రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినవాడిలా వెనక్కి తిరిగాడు. మొహం వెలిగింది. "ఏం సాల్వర్, లాడాలు నీవి, బాగానే ఉంది. జీను మాత్రం నాది కదా! ఒప్పందంలో దాని మాటే లేదు. రేపు ఉత్తి వీపు మీద వెళ్తావా?"

సాల్వర్ కారు దగ్గరికి వెళ్లి, గోనెపట్టా లాగేసింది. నాన్న జీను. నూనె పట్టించి, కొత్త పట్టీలు కుట్టించి, పొద్దున్నే కారెక్కించింది. దాన్ని భుజాన వేసుకుని తెచ్చి కంచె మీద, తోర్గిల్స్ జీను పక్కనే పెట్టింది.

"ఎన్నింటికి బయల్దేరుతున్నాం?" అని కొండరాజును అడిగింది.