కరిపించుకునే మనిషి

ఎడమచేతికి తొడుగు ఎక్కించి పట్టీలు బిగిస్తున్నాడతను. భుజం నుంచి వేళ్ల దాకా మందపాటి జనపనార. లోపల చెమట కంపు, పైన కుక్కల చొంగ ఎండిన కంపు. కాపలాకుక్కల శిక్షణశాలలో పద్దెనిమిదేళ్లుగా దొంగవేషం అతనిదే. పేరెప్పుడో మరుగునపడింది. అందరికీ దొంగే. రోజూ దొరికిపోయే దొంగ నువ్వొక్కడివేనని భార్య కూడా ఎకసెక్కం ఆడేది. ముంజేతి మీద కమిలిన మచ్చలకు కాపడం పెట్టింది మాత్రం ఆవిడే. ఆవిడ పోయాక ఆ మచ్చల్ని చూసినవాళ్లు లేరు.

ఆ ఆదివారం మైదానంలో జనానికి ప్రదర్శన. కుర్చీలకూ కుక్కకూ మధ్య ఒక్క తాడు. ఇనుపకంచె పెట్టించమని అతను పొద్దున్నే చెప్పాడు. కంచె అడ్డొస్తే ఫోటోలు బాగా రావన్నాడు యజమాని.

వంతు గోధుమరంగు ఆడకుక్కది. కళ్లు తెరవని రోజుల నుంచి సీసాపాలు పట్టి పెంచింది అతనే. పిల్లా అని పిలుస్తాడు. దానికి నేర్పింది ఒక్కటే: చేతికి తొడుగున్నవాడు దొంగ. పట్టుకుంటే దొంగ చెయ్యి లాగేసుకుని తొడుగు వదిలేస్తాడు. దాన్ని నోట కరుచుకుని మైదానం చుట్టిరావడమే దాని గెలుపు. ఆ కాసేపు గొలుసు ఉండదు.

అతను కర్ర ఎత్తి అరుస్తూ పరిగెత్తాడు. పిల్ల దూసుకొచ్చి చేతికి వేలాడింది. జనం ఈలలు వేశారు. ముందు వరుసలో ఒకడు ఐస్‌క్రీం నాకుతూ, ఇంకాస్త గట్టిగా కరవమని కేక పెట్టాడు. అతను తొడుగులోంచి చెయ్యి లాగేసుకున్నాడు. పిల్ల తొడుగుతో పరుగు తీసింది.

అప్పుడే ఒక పెద్దమనిషి తాడు దాటొచ్చాడు. రెండు కుక్కలు కొనబోతున్నవాడు. ఫోటో కావాలన్నాడు. యజమాని రెండో తొడుగు తెచ్చి స్వయంగా ఆయన చేతికి ఎక్కించాడు.

"సార్, ఆ తొడుగు తీయించండి. పిల్ల కంటికి ఆయన దొంగ."

"నువ్వూరుకోరా. ఆయన ముచ్చట."

పిల్ల తిరిగి చూసింది. నోట్లోది వదిలేసింది. అది వస్తుంటే ఆయన బెదిరిపోయి తొడుగులోంచి చెయ్యి లాక్కోబోయాడు. పళ్లు మణికట్టు మీద పడ్డాయి. అతను వెళ్లి పక్కన కూర్చుని, వదులు పిల్లా, అన్నాడు. వదిలేసింది. తోక ఊపింది.

మధ్యాహ్నానికల్లా యజమాని మాట సిద్ధం చేసుకున్నాడు. కుక్కకు పిచ్చి కోపమట, పుట్టుకలోనే ఉందట. పశువుల డాక్టరుకు కబురు పెట్టాడు.

"తప్పు దానిది కాదు సార్. మనం నేర్పిందే చేసింది."

"తప్పు మనదంటే శిక్షణశాల బోర్డు పీకేయాలి. పీకేయమంటావా?" అని, మళ్లీ తనే, "ఇంకో పిల్లని తెస్తాలే నీకు" అన్నాడు.

అతను నేల మీద ఉమ్మేశాడు.

డాక్టర్ని అది దగ్గరకు రానివ్వలేదు. ఎవరో ఒకరు పట్టుకోవాలి. అతనే పట్టుకున్నాడు, వట్టి చేతులతో. వట్టి చేతిని అది ఏనాడూ అనుమానించలేదు. సూది దిగుతున్నప్పుడు కూడా అతని మొహమే చూసింది. తల బరువెక్కి అతని ఒళ్లో వాలింది.

పూడ్చడం కూడా అతనే పూడ్చాడు. కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. వచ్చే ఆదివారం పెందలాడే రమ్మని యజమాని వెనక నుంచి చెబుతున్నాడు. అతను గేటు దాటాడు. మళ్లీ రాలేదు.

కుక్కల గది కిటికీలో దువ్వెన ఒకటి ఉండిపోయింది, పళ్ల సందుల్లో గోధుమరంగు వెంట్రుకలతో.